మీకు తెలుసా? ఒకే వార్త పెట్టెలోకి రెండుసార్లు ఎలా వస్తుందో!

ఆఫీసులో డెస్క్‌టాప్, ఇంట్లో ల్యాప్‌టాప్. రెండింటిలోనూ ఔట్‌లుక్, రెండింటిలోనూ ఒకటే మెయిల్‌బాక్స్. మెయిళ్ల దగ్గర ఏ పేచీ ఉండదు. ఎవరైనా ఒక మెయిల్ పంపితే అది ఒక్కటే కనిపిస్తుంది. అదే ఔట్‌లుక్‌లో వార్తల ఫీడ్‌లు పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఒక్కో శీర్షిక రెండేసి సార్లు, మూడో కంప్యూటర్ కూడా ఉంటే మూడేసి సార్లు వచ్చి పడుతుంటుంది. చాలామంది ఆ సైటువాళ్లే రెండుసార్లు పంపారనుకుంటారు. నిజానికి సైటు ఎవరికీ ఏమీ పంపదు.

మెయిల్ మీ సర్వర్ దాకా దానంతటదే వస్తుంది. సర్వర్ దాన్ని పెట్టెలో ఒక్కసారి వేస్తుంది. మీ కంప్యూటర్లన్నీ ఆ పెట్టెలోకి తొంగిచూస్తాయి, అంతే. ఫీడ్ అలా కాదు. సైటు తన కొత్త శీర్షికల జాబితాను ఒక ఫైలుగా రాసి తన దగ్గరే ఉంచుకుంటుంది. మీ కంప్యూటరే గంటకోసారో అరగంటకోసారో వెళ్లి ఆ ఫైలు తెచ్చి, అందులో కొత్తవేవో ఏరి, మీ పెట్టెలో వేస్తుంది. ఇంట్లో ఇద్దరు ఒకరికొకరు చెప్పుకోకుండా వెళ్లి పాల ప్యాకెట్ తెస్తే రెండు ప్యాకెట్లయినట్టు, రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి చెప్పుకోకుండా తెచ్చి వేస్తే పెట్టెలో ఒకే వార్త రెండు అవుతుంది. ఈసారి ముచ్చట్లన్నీ దీని చుట్టూనే: ఏది ఇప్పటికే వచ్చిందో గుర్తుపెట్టుకునే పని ఎవరిది?

రెండో కంప్యూటర్ అడక్కుండానే పని మొదలుపెడుతుంది

ఫీడ్‌లు చదివే సదుపాయం ఔట్‌లుక్ 2007తో వచ్చింది. మెయిల్‌బాక్స్ ఎక్స్‌ఛేంజ్ సర్వర్ మీద ఉంటే, మీరు ఏయే ఫీడ్‌లు పెట్టుకున్నారన్న జాబితా కూడా ఆ మెయిల్‌బాక్స్‌లోనే ఒక మూల దాగి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ కొని అందులో అదే ఖాతా తెరిచారనుకోండి, ఫీడ్‌ల జాబితా దానంతటదే వచ్చేస్తుంది. సౌకర్యమే. కానీ జాబితాతో పాటు బాధ్యత కూడా వస్తుంది. ఆ క్షణం నుంచి ల్యాప్‌టాప్ కూడా తన వంతుగా వార్తలు తేవడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఔట్‌లుక్ సాధారణంగా మెయిల్‌బాక్స్ నకలు ఒకటి మీ కంప్యూటర్లోనే ఉంచుకుని, అందులో పనిచేసి, తర్వాత సర్వర్‌తో సరిచూసుకుంటుంది. డెస్క్‌టాప్ ఒక వార్త తెచ్చి తన నకల్లో వేసుకుంది. అది సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు దిగేలోగా కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ల్యాప్‌టాప్ కూడా అదే ఫీడ్ తెస్తే, దాని నకల్లో ఆ వార్త లేదు కాబట్టి దానికది కొత్తదే. రెండూ తమ లెక్కలో సరిగ్గానే చేశాయి. సర్వర్ దగ్గరికి వచ్చేసరికి రెండు కాపీలు అయ్యాయి. ల్యాప్‌టాప్‌ను నెట్ లేని చోట వాడి, తర్వాత కలిపేవాళ్లకు ఈ వ్యవధి గంటలు, రోజులు కూడా కావచ్చు.

ప్రతి వార్త మీదా కంటికి కనబడని గుర్తులు

ఔట్‌లుక్ ఫోల్డర్లో పడిన ప్రతి ఫీడ్ వార్త మెయిల్‌లాగే కనిపిస్తుంది కానీ లోపల దాని జాతి వేరు. మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన సాంకేతిక పత్రాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక పత్రమే ఉంది. దాని ప్రకారం ఒక్కో వార్తకు దాని సైటు ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఏ ఫీడ్ నుంచి వచ్చిందో ఆ చిరునామా, అసలు పేజీ లింకు అన్నీ వెంట ఉంటాయి. వీటితో పాటు వార్త పాఠం మొత్తాన్ని కలిపి నలిపి తీసిన ఒక చిన్న సంఖ్య కూడా ఉంటుంది, ప్రోగ్రామర్లు హ్యాష్ అంటారు. రెండు వార్తలు ఒకటేనా కాదా అని అక్షరమక్షరం పోల్చకుండా, ఈ సంఖ్యలు పోల్చితే చటుక్కున తేలిపోతుంది. అంటే నకలు పట్టుకునే సరంజామా మెయిల్‌బాక్స్‌లోనే ఉంది. చిక్కల్లా, పోల్చుకునే సమయానికి రెండు కాపీలూ ఒకే చోట ఉండకపోవడమే.

మందు: తెచ్చేది ఒక్కటే ఉండాలి

ఇది చాలామందికి తెలియని చోట దాగిన చిన్న టిక్కు. ఔట్‌లుక్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్ మీటలు మూడూ కలిపి నొక్కితే సెండ్ రిసీవ్ గ్రూపుల పెట్టె తెరుచుకుంటుంది. అందులో ‘ఆల్ అకౌంట్స్’ ఎంచుకుని ఎడిట్ నొక్కండి. ఎడమవైపు వరసలో మీ మెయిల్ ఖాతా కింద, ఫీడ్‌లు రాసే పద్ధతి పేరుతో, ఆర్‌ఎస్‌ఎస్ అని ఒకటి ఉంటుంది. అది నొక్కితే పైన ‘ఈ గ్రూపులో ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లు చేర్చు’ అనే అర్థంతో ఇంగ్లీషులో ఒక వరస, దాని పక్కన టిక్కు కనిపిస్తాయి. ఆ టిక్కు తీసేయండి. ఇక ఆ కంప్యూటర్ ఫీడ్‌ల కోసం బయటికి వెళ్లదు.

ఈ ఉపాయం పనిచేయడానికి కారణం, ఫీడ్‌ల జాబితా మెయిల్‌బాక్స్‌తో పాటు తిరిగినా సెండ్ రిసీవ్ అమరికలు అలా తిరగవు. అవి ఏ కంప్యూటర్‌వి ఆ కంప్యూటర్లోనే ఒక ఫైలులో ఉంటాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌లో టిక్కు తీసినంత మాత్రాన డెస్క్‌టాప్‌లో పోదు. డెస్క్‌టాప్ తెస్తుంది, మెయిల్‌బాక్స్‌లో వేస్తుంది. ల్యాప్‌టాప్ మెయిల్‌తో పాటే వాటినీ చూపిస్తుంది. ఒకచోట చదివితే రెండోచోట కూడా చదివినట్టే లెక్క.

తెచ్చే పని దేనికి అప్పగించాలి? ఎక్కువసేపు ఆన్‌లో ఉండేదానికి. ఫీడ్ ఫైల్లో సైటువాళ్లు పాత వార్తలన్నీ ఉంచరు, తాజావి కొన్ని మాత్రమే ఉంచుతారు. 1999 నాటి ఆర్‌ఎస్‌ఎస్ 0.91లోనైతే ఒక ఫీడ్‌లో 15 వార్తలకు మించి ఉండకూడదని నియమమే ఉండేది. తెచ్చే కంప్యూటర్ వారం రోజులు మూసి ఉంటే, ఆ వారంలో వచ్చి వెళ్లిపోయిన వార్తలు మీకిక చేరవు. నకలు రావడం కన్నా ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం. రోజూ తెరవని ల్యాప్‌టాప్‌కు ఈ పని ఇవ్వకండి.

ఉమ్మడి జాబితా అనే రెండో దారి

2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7తో పాటు విండోస్‌లో ఫీడ్‌ల ఉమ్మడి జాబితా ఒకటి వచ్చింది. బ్రౌజర్లో ఒక ఫీడ్‌కు చందా పెడితే అది ఆ జాబితాలో చేరేది. మిగతా ప్రోగ్రాములు కూడా అక్కడి నుంచే అందుకోవచ్చన్నది ఆలోచన. ఔట్‌లుక్‌లో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ కిందికి వెళితే ఈ ఉమ్మడి జాబితాతో కలుపుకోవాలా అని అడిగే టిక్కు ఉంటుంది.

ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇది హాయి. కానీ ఈ ఉమ్మడి జాబితా కంప్యూటర్‌కు సంబంధించింది, మెయిల్‌బాక్స్‌కు కాదు. రెండు కంప్యూటర్లలోనూ టిక్కు పెడితే రెండు వేర్వేరు జాబితాలు వచ్చి ఒకే మెయిల్‌బాక్స్‌లో కలుస్తాయి. అప్పుడు నకలు వచ్చేది వార్త కాదు, ఫీడే. ఒకే సైటుకు రెండు ఫోల్డర్లు ఏర్పడే ప్రమాదం ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పేసింది కాబట్టి ఇప్పుడు ఆ టిక్కు వల్ల ఒరిగేది కూడా పెద్దగా లేదు. అన్ని కంప్యూటర్లలోనూ తీసేయడమే మేలు.

అక్కడే ఇంకో టిక్కు ఉంటుంది, సవరించిన వార్తను కొత్త వార్తగా చూపించాలా అని. వార్తా సైట్లలో ఉదయం పెట్టిన కథనాన్ని సాయంత్రం దాకా నాలుగైదుసార్లు దిద్దుతారు. ఈ టిక్కు ఉంటే దిద్దిన ప్రతిసారీ ఇంకో కాపీ దిగుతుంది. ఒకే కంప్యూటర్ వాడుతూ కూడా నకళ్లతో సతమతమయ్యేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

ఫీడ్‌ల పుట్టుకలో మనవాడు

ఆర్‌ఎస్‌ఎస్ మొదటి రూపం 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో తయారైంది. దాని రూపకర్తల్లో ఒకరు రామనాథన్ వి. గుహ, ఐఐటీ మద్రాసులో చదువుకున్నాయన. సైట్ల నుంచి శీర్షికలు తెచ్చి ‘మై నెట్‌స్కేప్’ అనే పేజీలో చూపించడం అప్పటి అవసరం. తెచ్చేది నెట్‌స్కేప్ సర్వర్ ఒక్కటే కాబట్టి, పది కంప్యూటర్లు తెచ్చి ఒకే పెట్టెలో పోస్తే ఏమవుతుందన్న ప్రశ్న అప్పటికి లేదు.

గుర్తింపు సంఖ్య ఇవ్వాలా, అక్కర్లేదా?

2002లో వచ్చిన ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో ఒక్కో వార్తకు గుర్తింపు సంఖ్య ఇచ్చే చోటుంది. కానీ ఇచ్చి తీరాలని లేదు. తేదీ కూడా అంతే. శీర్షిక, వివరణ, ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉంటే చాలు, వార్త చెల్లుతుంది. అలా సంఖ్య లేని వార్తను చూసినప్పుడు మీ ప్రోగ్రాము లింకునో శీర్షికనో పట్టుకుని ఊహించుకోవాల్సిందే. సైటువాళ్లు శీర్షికలో ఒక్క కామా దిద్దినా దానికి అది కొత్త వార్తే.

2005 డిసెంబర్లో ప్రమాణంగా వెలువడిన మరో ఫీడ్ పద్ధతి ఆటమ్ ఈ తప్పు చేయలేదు. ప్రతి వార్తకూ గుర్తింపు ఉండి తీరాలంది. అంతటితో ఆగకుండా, ఆ వార్త సైటు మారినా, ఇంకోచోట మళ్లీ ప్రచురించినా, ఒక చోట నుంచి తీసి మరోచోట ఎక్కించినా ఆ గుర్తింపు మారడానికి వీల్లేదని గట్టిగా రాసింది. నా దృష్టిలో ఫీడ్‌ల ప్రపంచానికి అందిన అతి విలువైన వాక్యం అదే.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ముట్టుకోకూడని గడి

మీ బ్లాగు వర్డ్‌ప్రెస్ మీద ఉంటే, డేటాబేస్‌లో ప్రతి టపాకూ ఒక గుర్తింపు గడి ఉంటుంది. చూడటానికి అది మీ సైటు అడ్రసులాగే ఉంటుంది. డొమైన్ మార్చినప్పుడు చాలామంది పాత అడ్రసు ఉన్న ప్రతిచోటా కొత్తది దిద్దుతూ, దీన్ని కూడా దిద్దేస్తారు. వర్డ్‌ప్రెస్ సహాయ పత్రాలు మాత్రం ఈ గడిని ఎన్నడూ మార్చవద్దని హెచ్చరిస్తాయి. అందులోని అడ్రసు పాతదైనా, ఇప్పుడు తెరుచుకోకపోయినా ఫర్వాలేదు. అది దారి చూపడానికి కాదు, టపాను గుర్తుపట్టడానికి. మార్చారో, మీ పాఠకులందరి పెట్టెల్లోనూ పాత టపాలు మళ్లీ కొత్తవిగా దిగుతాయి.

పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే పాడ్‌కాస్ట్ కూడా లోపల ఆర్‌ఎస్‌ఎస్ ఫీడే. గుర్తింపు మారిస్తే వినేవాళ్ల ఫోన్లలో పాత ఎపిసోడ్లు మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి.

తెలుగు శీర్షికలకు ప్రత్యేకమైన చిక్కు

ఇది మన భాషలో రాసే, చదివే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన విషయం. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

‘వైద్యం’ అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం ఐత్వానికి ఒకే సంకేతం వాడొచ్చు. లేదా ఎత్వానికి ఒక సంకేతం, దాని కింద వచ్చే ఐత్వపు భాగానికి మరో సంకేతం వాడి రెండూ కలపొచ్చు. తెర మీద రెండూ ‘వై’ అనే కనిపిస్తాయి. యూనికోడ్ ప్రమాణం కూడా రెండూ ఒకటేనని చెబుతుంది. కానీ పోల్చే ముందు వాటిని ఒకే రూపంలోకి మార్చుకోని ప్రోగ్రాముకు ఇవి రెండు వేర్వేరు మాటలు. ‘హైదరాబాద్’ అయినా, ‘సైన్యం’ అయినా, ‘రైతు’ అయినా అంతే.

ఇంకొకటి, పొల్లు తర్వాత పెట్టే కనబడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘వ’ ఒత్తుగా దిగిపోకుండా ఆపడానికి మధ్యలో దీన్ని పెడతాం. అక్కడ దాని పని కంటికి తెలుస్తుంది. కానీ కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు వచ్చినా దీన్ని జోడిస్తాయి. ‘హైదరాబాద్’ తర్వాత ఖాళీయే ఉంటే, ఈ అక్షరం ఉన్నా లేకపోయినా చూపులో తేడా ఏమీ ఉండదు. పోలికలో మాత్రం ఒక అక్షరం తేడా. డెస్కులో ఒకరు ఒక కీబోర్డుతో కొట్టిన శీర్షికను మరొకరు ఇంకో కీబోర్డుతో మళ్లీ కొడితే, గుర్తింపు సంఖ్య లేని ఫీడ్‌లో అది రెండో వార్త అయిపోతుంది.

లింకుల సంగతి కూడా చూడండి. వెబ్ అడ్రసులో తెలుగు అక్షరం నేరుగా వెళ్లదు. ఒక్కో సంకేతం 3 బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, వెరసి 9. ‘ఆంధ్రప్రదేశ్’ అనే మాటలో అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కిస్తే 12 సంకేతాలు. అడ్రసులో అది 108 అక్షరాలవుతుంది. శీర్షిక నుంచి తయారుచేసే అడ్రసు భాగాన్ని వర్డ్‌ప్రెస్ 200 అక్షరాల దగ్గర ఆపేస్తుంది. ‘ముఖ్యమంత్రి’ మాటకు 99 అక్షరాలు, మధ్యలో గీతకు ఒకటి. మొత్తం 208. అంటే ‘ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి’ అని మొదలయ్యే శీర్షికలో రెండో మాట గుడి కూడా పూర్తికాకుండానే అడ్రసు తెగిపోతుంది. ఆ రెండు మాటలతో మొదలయ్యే వార్తలన్నిటికీ ఒకటే అడ్రసు తయారై, వాటిని వేరుచేయడానికి చివర 2, 3, 4 అంటూ అంకెలు తగిలించాల్సి వస్తుంది. లింకు చూసి వార్తను గుర్తుపట్టే ప్రోగ్రాములకు తెలుగు సైట్ల దగ్గర ఆధారం ఇంత పలచన. తెలుగులో సైట్లు నడిపేవాళ్లు గుర్తింపు సంఖ్యను తప్పనిసరిగా ఇవ్వాలని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

‘నా దగ్గర ఇది ఉంది, కావాలా?’

నకళ్ల సమస్యను ఫీడ్‌ల కన్నా ముందే చక్కగా తీర్చినవాళ్లున్నారు. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆలోచించిన యూజ్‌నెట్‌లో ఒక సందేశం వందలాది కంప్యూటర్ల మీదుగా చేతులు మారుతూ వెళ్లేది. ఒకే సందేశం నాలుగు దారుల్లో ఒకే కంప్యూటర్‌కు చేరడం మామూలే. 1986 ఫిబ్రవరిలో వెలువడిన ఎన్ఎన్‌టీపీ నియమావళిలో దానికొక సంభాషణ రాసి పెట్టారు. పంపే సర్వర్ ముందు సందేశం పంపదు, దాని గుర్తింపు ఒక్కటే చెబుతుంది: ‘ఐ హ్యావ్ ఫలానా’. అవతలి సర్వర్ తన చిట్టా చూసుకుని 335 అంటే ‘పంపు’ అని, 435 అంటే ‘వద్దు’ అని. ఇంత చిన్న పలకరింపుతో మోత బరువంతా తగ్గిపోయింది.

సందేశం గడువు తీరి తుడిచేసిన తర్వాత కూడా దాని గుర్తింపును సర్వర్ కొన్నాళ్లు చిట్టాలో ఉంచుకునేది. లేకపోతే ఎక్కడో ఆలస్యమై తిరిగి తిరిగి వచ్చిన పాత కాపీ కొత్తదిగా చెలామణీ అయ్యేది.

అమెరికాలోని తెలుగువాళ్లు తొలిరోజుల్లో నెట్‌లో కలుసుకున్న చోట్లలో యూజ్‌నెట్‌లోని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు ఒకటి. అక్కడ ఎవరు ఎంతవరకు చదివారన్నది వాళ్లవాళ్ల కంప్యూటర్లో ఒక చిన్న ఫైలులో ఉండేది: గుంపు పేరు, పక్కన 1-842, 850 లాంటి అంకెలు. కానీ ఆ అంకెలు ఒక్కో సర్వర్ తనకు తాను వేసుకున్నవి. యూనివర్సిటీ సర్వర్లో 842 అయిన సందేశం ఇంకో సర్వర్లో 1310 కావచ్చు. సర్వర్ మారితే చదివినవీ చదవనివీ కలగాపులగమే.

సర్వర్ మారితే మెయిళ్లన్నీ మళ్లీ ఎందుకు దిగుతాయి?

అదే రోగం మెయిల్‌కూ ఉంది. పాప్ పద్ధతిలో మెయిల్ తెచ్చుకునేవాళ్లు ‘సర్వర్లో కాపీ ఉంచు’ అని పెట్టుకుంటే, ఏవి తెచ్చిందో గుర్తుంచుకునేది కంప్యూటరే. సర్వర్ ఒక్కో మెయిల్‌కు ఒక గుర్తు ఇస్తుంది, కంప్యూటర్ వాటిని రాసి పెట్టుకుంటుంది. కంపెనీ మెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలిస్తే ఆ గుర్తులు మారిపోవచ్చు. మరునాడు ఉదయం ఏళ్ల నాటి మెయిళ్లన్నీ మళ్లీ దిగుతాయి.

ఐమాప్ అనే మరో మెయిల్ పద్ధతి ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. ప్రతి ఫోల్డర్‌కూ ఒక చెల్లుబాటు సంఖ్య ఇస్తుంది. అది మారిందంటే ‘ఇంతవరకు నీ దగ్గరున్న గుర్తులన్నీ చెల్లవు, పారేసి మొదట్నుంచి చూసుకో’ అని సర్వర్ బాహాటంగా చెప్పినట్టు.

పోవడం కన్నా రెండు రావడమే నయం

ఒక మెయిల్‌నే మీ సర్వర్ రెండుసార్లు అందుకునే సందర్భం కూడా ఉంది. 1988లో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ దీని మీదే ఆర్‌ఎఫ్‌సీ 1047 అనే పత్రం రాశారు. పంపే సర్వర్ మెయిల్ మొత్తం ఇచ్చేసి ‘అందింది’ అనే మాట కోసం ఎదురుచూస్తుంది. అందుకున్న సర్వర్ ఆ మెయిల్‌ను ఎవరెవరికి వేయాలో చూసుకునే పనిలో పడి జవాబు ఆలస్యం చేస్తే, పంపినది ఓపిక నశించి, చేరలేదనుకుని మళ్లీ పంపుతుంది. అందుకే ఇప్పటి నియమాలు ఆ ఒక్క జవాబు కోసం 10 నిమిషాలు ఆగమంటాయి. అప్పటికీ జవాబు రాకపోతే మళ్లీ పంపడమే. ఉత్తరం పోగొట్టడం కన్నా రెండుసార్లు ఇవ్వడమే మేలన్నది మెయిల్ వ్యవస్థ తీసుకున్న నిర్ణయం. అది సరైన నిర్ణయం.

తుడిచేసినదాన్ని కూడా గుర్తుంచుకోవాలి

నకలు కనబడగానే తుడిచేస్తాం. కానీ ఆ వార్త సైటు ఫీడ్‌లో ఇంకా ఉంది. తుడవడంతో పాటు దాని గుర్తింపును కూడా మర్చిపోయే ప్రోగ్రాము అయితే తర్వాతి గంటలో మళ్లీ తెస్తుంది. పెద్ద డేటాబేసులకూ ఇదే బెడద. కసాండ్రా అనే డేటాబేసులో ఏదైనా తుడిస్తే, తుడిచామన్న గుర్తును మామూలుగా 10 రోజులు ఉంచుతారు. అందులోని ఒక కంప్యూటర్ అంతకు మించి మూలపడి తర్వాత లేస్తే, దాని దగ్గరున్న పాత సమాచారం మళ్లీ అందరికీ పాకే ప్రమాదం ఉంది. సెలవుల తర్వాత తెరిచిన ల్యాప్‌టాప్ పాత సంగతులు మోసుకొచ్చే తీరు కూడా ఇలాంటిదే.

‘కొత్తదేమీ లేదు’ అనడానికి 304

మూడు కంప్యూటర్లు గంటకోసారి ఒక సైటు ఫీడ్ అడిగితే రోజుకు 72 అభ్యర్థనలు, ఒక్క పాఠకుడి కోసం. మంచి ప్రోగ్రాములు అడిగేటప్పుడు ‘నేను కిందటిసారి తెచ్చుకున్నది ఇది’ అని ఒక గుర్తు చూపిస్తాయి. ఫీడ్ మారకపోతే సర్వర్ 304 అనే అంకె ఒక్కటి ఇచ్చి ఊరుకుంటుంది, ఫైలు పంపదు. ఎన్ని నిమిషాలకోసారి రావాలో, ఏ గంటల్లో, ఏ రోజుల్లో రానక్కర్లేదో చెప్పే ఏర్పాట్లు కూడా ఆర్‌ఎస్‌ఎస్‌లో ఉన్నాయి. చిన్న సైట్లవాళ్లకు ఇవి పెద్ద ఊరట.

ఫీడ్‌ను మెయిల్‌గా మార్చిన కుర్రాడు

ఫీడ్‌లోని వార్తలను మామూలు మెయిళ్లుగా మార్చి పంపే ‘ఆర్‌ఎస్‌ఎస్ టు ఈమెయిల్’ అనే ప్రోగ్రామును మొదట రాసింది ఆరన్ స్వార్ట్జ్. 2000 డిసెంబర్లో వచ్చిన ఆర్‌ఎస్‌ఎస్ 1.0 రూపకల్పన బృందంలోనూ ఉన్నాడు, అప్పటికి అతని వయసు 14 ఏళ్లు. 2013 జనవరిలో, 26 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఈ ప్రోగ్రాము ఏయే వార్తలు పంపిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. రెండు కంప్యూటర్లలో పెట్టి నడిపితే రెండు ఫైళ్లు, మీ పెట్టెలో రెండేసి మెయిళ్లు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక్క చోటే నడపాలి.

అందరి తరఫునా ఒక్కరే తెస్తే

2005 అక్టోబర్లో మొదలై 2013 జులై 1న మూతపడిన గూగుల్ రీడర్‌ను ఇప్పటికీ తలచుకునేవాళ్లున్నారు. దాని గొప్ప అంతా ఇక్కడే ఉంది: తెచ్చేది గూగుల్ సర్వర్, చదివినవేవో రాసుకునేదీ అదే. ఇంట్లో, ఆఫీసులో, ఫోన్లో ఎక్కడ తెరిచినా ఒకటే చిట్టా. ఇవాళ ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి చేస్తున్నది అదే. సొంత సర్వర్ పెట్టుకోగలిగినవాళ్లకు ఫ్రెష్ ఆర్‌ఎస్‌ఎస్, మినీఫ్లక్స్ ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే చిన్న ఆఫీసులకు నేను సూచించేది ఇదే దారి. మెయిల్‌బాక్స్ మెయిళ్లకు, ఫీడ్‌లు ఫీడ్‌ల చోట.

తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే సంకలినులు చేసిన పని కూడా ఇలాంటిదే. వందల బ్లాగుల ఫీడ్‌లను ఒక్క సైటు తెచ్చేది, పాఠకులందరూ అక్కడ చూసేవాళ్లు. ఒకే టపా రెండు మూడు సంకలినుల్లో కనిపించేది. బ్లాగుకు విడిగా, సంకలినికి విడిగా చందా పెట్టుకున్నవాళ్లకు ఒకే టపా రెండు దారుల్లో వచ్చేది. ఆటమ్‌లో చెప్పినట్టు అసలు గుర్తింపును మార్చకుండా అందిస్తే, అలా వచ్చినవాటిని కూడా ప్రోగ్రాము కలిపేయగలదు.

ఇప్పటికే పేరుకుపోయిన నకళ్లు

ముందు రెండో కంప్యూటర్లో సెండ్ రిసీవ్ గ్రూపుల్లోని ఆ ఫీడ్‌ల టిక్కు తీయండి. తర్వాత రెండు కంప్యూటర్లూ కాసేపు నెట్‌లో ఉంచి, మెయిల్‌బాక్స్ పూర్తిగా సరిచూసుకోనివ్వండి. అప్పుడు ఫీడ్ ఫోల్డర్ తెరిచి సబ్జెక్టు వరస మీద నొక్కితే ఒకే శీర్షికవి పక్కపక్కన చేరతాయి. ఒక కంప్యూటర్లోనే తుడవండి, రెండోదాంట్లో అవే పోతాయి. తెచ్చే కంప్యూటర్లోనే ఈ పని చేయడం మంచిది. ఫోల్డర్ మరీ పెద్దదై చూసే ఓపిక లేకపోతే, కావలసిన వార్తలను వేరే ఫోల్డర్లోకి జరిపి మిగతావన్నీ ఒక్కసారిగా తీసేయొచ్చు. ఇంకా సైటు ఫీడ్‌లో ఉన్న తాజా వార్తల జోలికి మాత్రం వెళ్లకండి, అవి ఓ వారం పాతబడ్డాక చూసుకోవచ్చు.